కటింగుల ఫైలు

2023లో మా ఫ్లోరైడ్ బాధితుల కమిటీలో నాకు అప్పజెప్పిన పని, పేపర్లలో మా వార్తలు ఎక్కడెక్కడ పడ్డాయో చూసి దాచిపెట్టడం. ఇదేమంత పని అనుకున్నా. రోజూ కనిగిరిలో టీ బంకు దగ్గర నాలుగు పేపర్లు తిరగేసి, వార్త ఉంటే కత్తిరించి ఫైల్లో పెట్టేవాణ్ణి. రెండు నెలలకు పదిహేడు కటింగులయ్యాయి. గొప్పగా ఒంగోలులో అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కు పట్టుకెళ్లాం.

అక్కడి అధికారి ఒక కటింగు తీసి అటూ ఇటూ తిప్పారు. వెనకవైపు సగం తెగిన చీరల ప్రకటన.

"ఇది ఏ రోజుదండీ?"

నేను తేదీ రాసుకుంటేగా!

"మాకొచ్చే పేపర్లో ఇది చూసినట్టు లేదే" అన్నారు. నిజమే. మా వార్తలన్నీ కనిగిరి జోన్ పేజీలో పడ్డవే, ఒంగోలుకు వెళ్లే పేపర్లో ఆ పేజీ ఉండదు. పదిహేడుసార్లు మా గోడు మేమే చదువుకున్నామన్నమాట.

వచ్చాక రిజిస్టర్ పెట్టా. తేదీ, పేపరు, ఎడిషన్, పేజీ, ఎవరు మాట్లాడారు, తప్పులేమైనా ఉన్నాయా. ఆ మాట నెట్‌లో కొత్తగా ఎక్కడ పడ్డా కబురు పంపే గూగుల్ అలర్ట్ కూడా పెట్టా, 'ఫ్లోరైడ్' అని ఒకటి, 'ఫ్లోరిన్' అని ఒకటి. మా పల్లెల్లో ఫ్లోరిన్ నీళ్లనే అంటారు మరి. అయినా ఈ-పేపర్లో పేజీ బొమ్మలా ఉంటుంది కాబట్టి అలర్టుకు చిక్కదు, పొద్దున్నే కళ్లతో వెతుక్కోవాల్సిందే. పాతవాటికైతే 'నెల్లూరు' అని కూడా కొట్టాలి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మాది నెల్లూరు జిల్లానే. దేశంలో ఈ నీళ్లతో వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించిన 1937 నాటి సంగతీ ఆ పేరు కిందే దొరుకుతుంది.

తప్పుల గడి నింపుతుంటే మూడు పేపర్లలో ఒకటే తప్పు కనిపించింది, నీళ్లలో ఫ్లోరైడ్ '1.5 శాతం' దాటకూడదని. కోపంగా విలేకరికి ఫోన్ చేశా. "అన్నా, మీరిచ్చిన ప్రెస్ నోట్‌లోనే అలా ఉంది" అని ఫొటో పంపాడు. చూస్తే నా చేతిరాతే! ఉండాల్సింది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. 1.5 శాతమంటే లీటరుకు 15 గ్రాములు. ఆ నీళ్లు తాగినవాడు పళ్లకు గార పట్టేదాకా బతకడు.

అప్పట్నుంచి నోట్ ఇద్దరు చదివాకే బయటికి పోతోంది, ఒక కాపీ ఒంగోలు విలేకరికీ పంపుతున్నాం. మొదటిసారి జిల్లా పేజీలో పడింది రెండంగుళాల వార్త, అదీ అడుగున. కత్తెర తీయకముందే పైన పెన్నుతో తేదీ వేశా.