ఉమ్మనీరా, కాదా?

ఏడో నెలలో కొంచెం కొంచెంగా నీరు పోతుంటే అది మూత్రమో, తెల్లబట్టో, ఉమ్మనీరో తెలియక నాకు పట్టుకున్న టెన్షన్ మామూలుది కాదు. రంగు మారే పేపర్ టెస్ట్ పాజిటివ్ వచ్చినా డాక్టర్ గారు దాన్నొక్కదాన్నే నమ్మలేదు. ఆ పేపర్ చూసేది పీహెచ్‌ను, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలతను. యోని స్రావం పీహెచ్ మామూలుగా 4.5 లోపు, ఉమ్మనీరుది 7 నుంచి 7.5 దాకా ఉంటుంది, కానీ కాస్త రక్తం తగిలినా, ఇన్ఫెక్షన్ ఉన్నా పీహెచ్ పెరిగి, ఉమ్మనీరు తగిలినట్టే ఆ పేపర్ నీలంగా మారిపోతుందట. అందుకే స్వాబ్‌తో నమూనా తీసి పీఏఎంజీ-1 అనే ప్రోటీన్ కోసం స్ట్రిప్ పెట్టారు. అది ఉమ్మనీటిలో బాగా ఎక్కువ, మామూలు స్రావంలో దాదాపు ఉండదు. ఐజీఎఫ్‌బీపీ-1 అనే మరో ప్రోటీన్ కోసం చేసే పరీక్ష కూడా ఇలాంటిదే. నాకు పెట్టిన స్ట్రిప్‌లో నిమిషాల్లోనే నెగెటివ్ అని తేలింది, స్కాన్‌లోనూ నీరు సరిపడా ఉంది. ఎంత ఊరటో! మీకెవరికైనా ఇలా తడిగా అనిపిస్తే రేపటిదాకా ఆగకండి, ప్యాడ్ పెట్టుకుని వెంటనే వెళ్లండి, ఆ ప్యాడ్ కూడా చూపించండి.