నాలుగు ఫైళ్లు, ఒక్క అంకె

మాది హైదరాబాద్ శివార్లలోని మందుల తయారీ కంపెనీ. నాణ్యత పరీక్షల విభాగంలో అనలిస్టులు ఒకరి వెంట ఒకరు మానేస్తుంటే, బయట ఎంత ఇస్తున్నారో తేల్చమని హెచ్ఆర్‌లో ఉన్న నాకు అప్పగించారు. చేతిలో మూడు సర్వేలు: మందుల రంగానిది, అన్ని రంగాలది, ఈ ప్రాంతానిది. నాలుగో ఫైలు, ఉద్యోగులు తమ జీతాలు తామే రాసుకునే వెబ్‌సైట్ల అంకెలు. దాన్ని అప్పుడే పక్కన పెట్టేశాను. ఎవరు రాశారో, ఏ ఏడాది జీతమో తెలియని అంకెకు తూకమేమిటి?

మొదటి వారమంతా ఉద్యోగాలను జతపరచడానికే సరిపోయింది. 'సీనియర్ అనలిస్ట్' అంటే ఒకచోట రెండేళ్ల అనుభవం, మరోచోట ఎనిమిదేళ్లు, పైగా కింద నలుగురు. పేర్లు వదిలేసి పని వివరణలు చదివి, 70 శాతమైనా కలిస్తేనే తీసుకున్నాను.

ఆ తర్వాత సీటీసీ, అంటే ఒక ఉద్యోగిపై కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, దానితో తలనొప్పి. రెండు సర్వేలు సీటీసీ ఇచ్చాయి, మూడోది యాజమాన్యం పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కలపకుండా ఇచ్చింది. మూల వేతనంపై పీఎఫ్‌కు 12 శాతం, గ్రాట్యుటీకి 4.81 శాతం కలిపి సరిచేశాను. ఈ 4.81 ఎక్కడిదంటే, ఏడాదికి 15 రోజుల వేతనాన్ని నెలకు 26 రోజుల లెక్కన పన్నెండు నెలలకు పంచితే వచ్చేది.

నన్ను ఎక్కువగా ఆపింది సగటు. మందుల సర్వేలో ఐదు కంపెనీలు. నాలుగింటిలో పదేసి మంది, 6 లక్షల జీతం. ఐదోదానిలో 200 మంది, 4.5 లక్షలు. మనుషుల లెక్కన సగటు 4.75 లక్షలు, కంపెనీల లెక్కన 5.70. రెండూ తప్పు కాదు. కానీ మా వాళ్లు వెళ్తున్నది ఆ చిన్న కంపెనీలకే, అందుకే రెండోది పట్టుకున్నాను.

ఆ జీతాలు ఏప్రిల్ 1 నాటివి, మా సవరణ జనవరి 1 నుంచి. ఏడాదికి 8 శాతం పెరుగుదల అనుకుంటే తొమ్మిది నెలలకు 6 శాతం, అంటే 6.04 లక్షలు. మిగతా రెండూ ఇలాగే సరిచేస్తే 5.60, 5.20 వచ్చాయి.

తూకాలు మాత్రం అంకెలు తెరవకముందే రాసుకున్నాం: మా రంగానికి 50, అన్ని రంగాలకు 30, ప్రాంతానికి 20 శాతం. ఫలితం 5.74 లక్షలు. మేమిస్తున్నది 5.25.

ఫైనాన్స్ అధిపతి కాగితం చూసి, "ఆ యాభై, ముప్పై అటూ ఇటూ మారిస్తే ఎలా ఉంటుందమ్మా?" అన్నారు. 5.65 అవుతుంది. అరవై మందికి కలిపి ఏడాదికి ఐదు లక్షల పైచిలుకు మిగులుతుంది. నేను తూకాల కాగితం తీసి చూపించాను. కింద ఆయన సంతకమే ఉంది. నవ్వేసి, పెంపు రెండు విడతలుగా ఇద్దామన్నారు. దానికి నేనూ ఒప్పుకున్నాను.