సగం మూసిన కటకం, పూర్తి ప్రతిబింబం

మా పర్లాకిమిడిలో పదో తరగతి పిల్లలు కొందరు, బడిలో ఒడియాలో విన్న పాఠాన్ని సాయంత్రం నా దగ్గర తెలుగులో మళ్ళీ చదువుకుంటారు. కటకం (లెన్స్) గుండా కాంతి పోయే దారిని చూపే కిరణ చిత్రాలను వారు స్కేలు పెట్టి చక్కగా గీస్తారు. కానీ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే కుంభాకార కటకం పై సగాన్ని నల్ల కాగితంతో మూస్తే తెరమీద ఏమి కనబడుతుందని అడిగితే, ప్రతిబింబంలో సగం పోతుందనే చాలామంది చెబుతారు.

పోదు. కొవ్వొత్తి మంట మొత్తం కనబడుతుంది, వెలుగు మాత్రమే తగ్గుతుంది. మంటలోని ప్రతి బిందువు నుండీ కిరణాలు నలుదిక్కులా వ్యాపిస్తాయి. వాటిలో కటకం మీద ఏ చోట పడినవైనా వంగి, అవతల ఒకే బిందువు దగ్గర కలుసుకుంటాయి. అందువల్ల కటకంలో ఏ కొంత భాగం తెరిచి ఉన్నా పూర్తి ప్రతిబింబమే ఏర్పడుతుంది. ప్రధానాక్షానికి (కటకం మధ్య గుండా నిట్టనిలువుగా దాన్ని దాటే గీతకు) సమాంతరంగా వచ్చి నాభి (అలాంటి సమాంతర కిరణాలు కలిసే బిందువు) గుండా పోయే కిరణం, దృక్ కేంద్రం (కటకం నడిమి బిందువు) గుండా సూటిగా పోయే కిరణం అనే రెండింటిని మనం గీసేది ఆ కలయిక బిందువును సులువుగా గుర్తించడానికే. ఈ మాట ప్రతి పుస్తకంలోనూ పటం కిందనే ఉండాలని నా గట్టి అభిప్రాయం. కంటి విషయంలో 1604లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ వివరించినదీ ఇదే: ఒక బిందువు నుండి కంటిపాపలోకి వచ్చే కిరణాలన్నీ రెటీనా (కంటి వెనుక తెర) మీద ఒకే బిందువుకు చేరి, అక్కడ తలకిందుల ప్రతిబింబాన్ని ఏర్పరుస్తాయి.

ఇక దూరాలు. నాభ్యంతరం (కటకం నుండి నాభికి ఉన్న దూరం) 20 సెం.మీ. అయిన కటకానికి 30 సెం.మీ. దూరంలో కొవ్వొత్తిని నిలిపితే, అవతల 60 సెం.మీ. వద్ద రెండింతల తలకిందుల ప్రతిబింబం పడుతుంది. కొవ్వొత్తిని 15 సెం.మీ.కు తెస్తే తెరను ఎంత జరిపినా ఏమీ పడదు, ఎందుకంటే కటకం దాటిన కిరణాలు విడిపోతూనే ఉంటాయి. కటకం గుండా చూసే కంటికి మాత్రం నాలుగింతల నిటారు మంట కనబడుతుంది. భూతద్దం పనిచేసేది ఇలాగే.

లోపలికి వంగిన అద్దం, అంటే పుటాకార దర్పణానిదీ ఇదే లెక్క, కిరణాలు వెనుదిరగడమే తేడా. బయటికి ఉబ్బిన కుంభాకార దర్పణం మాత్రం ఎదుటి వస్తువు ఎక్కడ ఉన్నా నిటారైన, చిన్నదైన మిథ్యా (తెరమీద పట్టలేని) ప్రతిబింబాన్నే ఇస్తుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో దానిని నిలబెట్టేది ఎక్కువ దారి కనబడుతుందనే. అయితే అందులో లారీ చిన్నదిగా కనబడడం వల్ల ఇంకా దూరంలో ఉందనిపిస్తుంది కనుక, బండి నడిపేవారు అద్దంలోని పరిమాణాన్ని బట్టి దూరాన్ని అంచనా వేయకూడదు.