సెల్యులర్ జైల్లో గడియ దగ్గర ఆగండి

పిల్లల్ని అండమాన్ తీసుకెళ్లాలంటే మొదటి దెబ్బ విమానం టికెట్లే. విశాఖ నుంచి ఓడ ఉంది గానీ అది ఎప్పుడు బయల్దేరుతుందో చివరిదాకా తేలదు, బడి సెలవులు దానికోసం ఆగవు. పోర్ట్ బ్లెయిర్‌ని ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు. అక్కడ దిగాక అన్నం, ఆటో, మంచినీళ్లు అన్నీ మన ధరల మీద ఎక్కువే. జంగ్లీఘాట్ వైపు మన శ్రీకాకుళం యాస వినిపించేసరికి పిల్లలకు ప్రాణం లేచొచ్చింది. నన్నడిగితే హావ్‌లాక్ బీచ్ మానుకుని, ఆ పూట కూడా జైలుకే ఇవ్వమంటాను.

ఎందుకంటే అక్కడ గుంపుల్ని తిప్పే తీరు చూస్తే ఒళ్లు మండింది. మూడో అంతస్తులో సావర్కర్ గది దగ్గర ఫొటో, కింద ఉరికంబం దగ్గర ఫొటో, ఇక బయటికి. ఆ హడావిడిలో అసలు చూడాల్సింది కంటికి ఆనదు. అది తలుపు గడియ. పొడవాటి ఇనప గడియ తలుపు దాటి, పక్క గోడలో తొలిచిన గూట్లోకి పోతుంది. తాళం పడేది ఆ గూట్లోనే. లోపలి మనిషి ఊచల్లోంచి చెయ్యి ఎంత చాపినా తాళం అందదు. పిల్లల్ని వరండాలోనే నిలబెట్టి, తలుపు నుంచి గూటి దాకా ఎంత దూరమో టేపుతో కొలిపించండి. ఈ జైలు ఎలా ఆలోచించి కట్టారో అక్కడినుంచి వాళ్లే చెబుతారు.

గది పొడవు 13.5 అడుగులు, వెడల్పు 7.5 అడుగులు. గాలికి వెనక గోడలో, మనిషికి అందనంత ఎత్తున ఒక చిన్న కిటికీ. బయల్దేరే ముందే బడి ఆవరణలో ఈ కొలతకు ముగ్గు గీసి అందులో కూర్చోబెడితే, అక్కడికెళ్లాక గది వాళ్లకు బొమ్మలా అనిపించదు. మొత్తం 693 గదులు. నడిమి బురుజు నుంచి ఏడు రెక్కలు చక్రం ఆకుల్లా విచ్చుకునేవి. ఒక రెక్క ముఖం ఇంకో రెక్క వీపుకేసి ఉండేది కాబట్టి ఖైదీకి ఖైదీ కనబడడు. ఇప్పుడు మిగిలినవి మూడే. కూల్చిన చోట ఆసుపత్రి ఉంది. అందుకే ఏడు రెక్కల నమూనాను ముందు చూపించి తర్వాత బురుజు ఎక్కించాలి. వరస తిరగబడితే పిల్లలకు ఏమీ అర్థం కాదు.

బురుజు మీద అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: చుట్టూ సముద్రం కాపలా ఉండగా ఈ గోడలెందుకు? 1858లో వాకర్ అనే జైలు అధికారి 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగినప్పుడు దీవే జైలు. అడవి నరకడం, రోడ్లు వెయ్యడం శిక్ష. ఏళ్లు గడిచాక మంచి నడవడి ఉన్నవాళ్లకు భూమి, సంసారం దక్కేవి. 1890లో లయల్, లెత్‌బ్రిడ్జ్ అనే అధికారులు వచ్చి చూసి, ఇక్కడి శిక్షంటే జనానికి భయం పోయిందనీ, ఖైదీలు ఊళ్లోని జైలుకంటే ఇదే నయమనుకుంటున్నారనీ తేల్చారు. వచ్చిన ప్రతివాణ్ణీ మొదట కొన్నాళ్లు ఒంటరి గదిలో కఠినంగా ఉంచాలన్న ఆ సిఫారసే ఈ కట్టడం. 1896లో మొదలై 1906లో పూర్తయింది. శిక్షకు భయం చాల్లేదనుకున్నప్పుడు ప్రభుత్వం ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

గానుగ దగ్గర అంకె చెప్పండి: ఎద్దు తిప్పే గానుగను మనిషి తిప్పి రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయాలి. కిరాణా కొట్లో 15 కిలోల నూనె డబ్బా ఉంటుంది చూడండి, దాదాపు అంత. 1933లో ఇక్కడి రాజకీయ ఖైదీలు చేసిన నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మైత్ర చనిపోయింది బలవంతంగా పాలు పట్టించడం వల్ల. ఈ భాగం నెమ్మదిగా చెప్పాలి, ప్రశ్నలు రానివ్వాలి.

పిల్లలు దాదాపు అందరూ చేసే పొరపాటు, ఇక్కడి ఖైదీలంతా సమరయోధులే అనుకోవడం. ఎక్కువమంది మామూలు నేరాలకు శిక్షపడ్డవాళ్లే. వాళ్ల సంతతి ఈ దీవుల్లోనే స్థిరపడింది. మనవాళ్లూ వచ్చారు: అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఫెరార్‌గంజ్ వైపు వెళ్తే ఇంకో సంగతి చెప్పాలి. ఉత్తరాది నుంచి భాంతు కులస్థుల్ని 1920ల్లో తెచ్చింది నేరస్థ జాతుల చట్టం కిందే. మన బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వెలిసిందీ ఆ చట్టం నీడలోనే. నేరం చేశాడని కాదు, ఆ కులంలో పుట్టాడని ముద్ర వేశారు.

దీన్ని గతంగా వదిలేస్తే సగం పాఠమే అవుతుంది. 2022 చివర దేశంలోని జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మందికి ఇంకా విచారణే తేలలేదు. అరెస్టయిన మనిషిని ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న రాజ్యాంగం 22వ అధికరణాన్ని, అరెస్టు, బెయిలు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్‌నీ రాత్రి బసలో చదివించండి. ఆ సెక్షన్ ప్రకారం, నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగానే గడిపిన మనిషిని బెయిల్‌పై వదలాలి. అంతకుముందు ఏ నేరానికీ శిక్షపడనివాడికైతే మూడో వంతు చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఇంకా తేలని వేరే కేసులున్నా ఈ వెసులుబాటు ఉండదు.

చెయ్యకూడనిది ఒకటుంది. పిల్లల్ని గదిలో పెట్టి తలుపు మూసి ‘ఖైదీ ఆట’ ఆడించొద్దు. రెండు నిమిషాల్లో అది నవ్వులాట అయిపోతుంది. పైగా తండ్రో అన్నో నిజంగా జైల్లో ఉన్న బిడ్డ ఆ గుంపులోనే ఉండొచ్చు. టీచరుకు అది తెలియకపోవచ్చు. అందుకే ‘నేరస్థుడు’ అనే ముందు ‘నిందితుడా, దోషా’ అని అడగడం బయల్దేరకముందే అలవాటు చెయ్యాలి.

మధ్యాహ్నం పన్నెండున్నరకు మూసి ఒంటిగంటన్నరకు తెరుస్తారు. ఉదయం రెక్కలు, బురుజు, మధ్యాహ్నం గానుగ, ఉరికంబం పెట్టుకుంటే సరిపోతుంది. అక్కడ చీకటి త్వరగా పడుతుంది, సాయంత్రం మీద ఏదీ ఉంచొద్దు. ఊరికి తిరిగొచ్చాక జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఉత్తరం రాసి, పిల్లలతో ఒక పూట కోర్టు చూడ్డానికి అనుమతి అడగండి. ఉచిత న్యాయసాయం కోసం 15100 నంబరుంది, అది ప్రతి బిడ్డ పుస్తకంలోనూ రాయించండి.