నూట ఎనభై రోజుల్లో సొంత కాళ్ల మీద: నా అనుభవం

2010 వేసవిలో అట్లాంటా ఎయిర్‌పోర్టులో ఒక శరణార్థి కుటుంబం కోసం ఎదురుచూస్తున్నప్పుడు నా చేతిలో పేర్ల కాగితం ఉంది గానీ, దాని అవసరం పడలేదు. ఐఓఎం (అంతర్జాతీయ వలసల సంస్థ) అని నీలం అక్షరాలున్న తెల్ల ప్లాస్టిక్ సంచి చూసి గుర్తుపట్టమని నేను వాలంటీరుగా పనిచేసే ఏజెన్సీ వాళ్లు ముందే చెప్పారు. భర్త, భార్య, ఇద్దరు పిల్లలు, డెబ్బైకి దగ్గరపడ్డ తల్లి. భర్త పెట్టెలన్నీ ట్రాలీ మీద పడేశాడు కానీ, ఆ సంచిని మాత్రం కారెక్కాక కూడా ఒళ్లోంచి దించలేదు. ఐ-94లు (దేశంలోకి రానిచ్చినట్టు ఇచ్చే కాగితాలు), ఎక్స్‌రే ఫిల్ములు, ఐదుగురి భవిష్యత్తు అందులోనే ఉంది మరి.

వాళ్లు భూటాన్‌లో నేపాలీ మాట్లాడే లోత్సంపాలు. 1990ల మొదట్లో అక్కడి నుంచి వెళ్లగొడితే, తూర్పు నేపాల్ శిబిరాల్లో దాదాపు ఇరవై ఏళ్లు గడిపారు. పిల్లలిద్దరూ శిబిరంలోనే పుట్టారు. కాగితాల్లో పెద్దవాళ్ల ముగ్గురి పుట్టినరోజూ జనవరి 1. అసలు తేదీ తెలియని వాళ్లకి అలాగే రాసేస్తారట. నాకు నేపాలీ రాదు. వాళ్లకి సినిమా హిందీ వచ్చు, నాకు హైదరాబాదు హిందీ వచ్చు. దాంతోనే నెట్టుకొచ్చాం.

నేను ఈ పనిలోకి రావడం వెనక పెద్ద ఆశయమేమీ లేదు. డిపెండెంట్లకిచ్చే హెచ్4 వీసా మీద వచ్చాను, అప్పట్లో మాకు ఉద్యోగం చేసే వీలు లేదు. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతోంది. అట్లాంటా పక్కనున్న క్లార్క్‌స్టన్‌లో శరణార్థులకు సాయం చేసే స్వచ్ఛంద సంస్థ ఒకటి ఉందని, డ్రైవింగ్ వస్తే చాలని ఎవరో చెప్పారు.

ఇలాంటి సంస్థల్ని ఇక్కడ 'వోలాగ్' (వాలంటరీ ఏజెన్సీ) అంటారు. ప్రభుత్వం శరణార్థిని ఎంపిక చేస్తుంది, దింపుకుని నిలబెట్టే పని వీళ్లకి అప్పగిస్తుంది. ఆ ఏడాది జనవరిలోనే మనిషికి ఇచ్చే డబ్బు 900 నుంచి 1,800 డాలర్లకు పెంచారు. అందులోనే ఏజెన్సీ ఖర్చూ, అద్దె అడ్వాన్సూ, మంచాలూ. ఇంట్లో ఏమేం ఉండాలో ఒక జాబితా ఉంటుంది. మనిషికో కుర్చీ, కంచం, అలారం గడియారం, డబ్బా మూతలు తీసే ఓపెనర్, బేకింగ్ గిన్నె. బేకింగ్ గిన్నె తప్పనిసరట, ప్రెషర్ కుక్కర్ మాత్రం జాబితాలో లేదు. అది మా ఇంటి నుంచి తెచ్చిపెట్టాను. వచ్చిన రాత్రి వాళ్ల అలవాటుకి తగ్గ భోజనం సిద్ధంగా ఉండాలన్నదీ నిబంధనే. నాకు బాగా నచ్చిన నిబంధన అదొక్కటే.

మొదటి నెల అంతా ఆఫీసుల చుట్టూ తిరగడమే. సోషల్ సెక్యూరిటీ, ఫుడ్ స్టాంపులు (తిండి సరుకులకి ప్రభుత్వ సాయం), ఆరోగ్య పరీక్షలు, టీకాలు, బడి. దాని గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు, క్యూలో నిలబడటం తప్ప.

బస్సు సంగతి మాత్రం చెప్పాలి. ఆ ఇంటి ఇల్లాలికి ఒక హోటల్లో గదులు శుభ్రం చేసే పని దొరికేలా ఉంది, కానీ రెండు బస్సులు మారాలి. నేను కారులో దింపుతానంటే, ఏజెన్సీలో ఈ కుటుంబాన్ని చూసుకునే కేస్‌వర్కర్ ఒప్పుకోలేదు. "మీరు మానేసిన రోజు ఆమె ఉద్యోగం పోతుంది" అంది. సరే అని మొదటిసారి ఆమె పక్కన కూర్చున్నాను, రెండోసారి వెనక సీట్లో. మూడోసారి కారులో వెళ్లి హోటల్ దగ్గర స్టాపులో నిలబడ్డాను. రావాల్సిన బస్సు వచ్చింది, ఆమె దిగలేదు. నాకు చెమటలు పట్టాయి. నలభై నిమిషాల తర్వాత రోడ్డుకి అవతలి వైపు, ఎదురు దిక్కున వచ్చే బస్సులోంచి దిగింది. స్టాపు వచ్చే ముందు తాడు లాగాలని మర్చిపోయి చివరి దాకా వెళ్లిందట, డ్రైవర్‌కి హోటల్ పేరున్న చీటీ చూపించి వెనక్కి వచ్చిందట. నేను హడలిపోయి ఉంటే తను నవ్వుతోంది. "ఇప్పుడు మొత్తం రూటు తెలిసింది దీదీ" అంది.

నా వల్ల జరిగిన నష్టం కూడా ఒకటుంది. పోస్టులో వచ్చే కాగితాల్లో ప్రకటనలన్నీ పారేయమని నేనే నేర్పాను. ఫుడ్ స్టాంపుల రివ్యూ ఉత్తరం కూడా అలాగే చెత్తబుట్టలోకి పోయింది. ఒక నెల స్టాంపులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఏ కాగితం వచ్చినా ఒక అట్టపెట్టెలో వేసేవారు, శనివారం నేను వెళ్లి ఏరేదాన్ని. పిజ్జా కూపన్లతో సహా.

ఇక ఉద్యోగం. వీళ్లని మ్యాచింగ్ గ్రాంట్ అనే పథకంలో చేర్చారు. అందులో ప్రభుత్వ నగదు సాయానికి పోకుండా 180 రోజుల్లోపు సొంత సంపాదనతో నిలబడాలన్నది అప్పటి నియమం. ప్రభుత్వం రెండు డాలర్లిస్తే ఏజెన్సీ ఒకటి తెచ్చుకోవాలి. అదంతా నగదే కానక్కర్లేదు. ఎవరో ఇచ్చిన సోఫా, నాలాంటి వాళ్ల గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. నెలాఖరున నా గంటల కాగితం మీద సంతకం పెట్టేదాన్ని. అమెరికాలో నా పనికి డాలర్లలో విలువ కట్టింది ఆ కాగితమే.

ఆమె భర్త శిబిరం బడిలో లెక్కలు చెప్పిన మాస్టారు. ఇక్కడ మొదటి ఉద్యోగం గెయిన్స్‌విల్ కోళ్ల ప్లాంటులో నైట్ షిఫ్టు, వ్యాన్‌లో రానూపోనూ రెండు గంటలు. మాంసం ముట్టని ఇల్లు. నేను కేస్‌వర్కర్‌తో పోట్లాడాను, ఇంకొన్నాళ్లు ఇంగ్లీషు నేర్చుకోనివ్వొచ్చు కదా అని. "ఒకటో తారీఖు అద్దె ఆగుతుందా?" అంది. 1980 నాటి శరణార్థి చట్టమే 'వీలైనంత త్వరగా' సొంత కాళ్ల మీద నిలబడాలంటుంది. నాకు ఇప్పటికీ ఇది పూర్తిగా మింగుడుపడదు. త్వరగా దొరికిన ఉద్యోగం అద్దె కడుతుంది నిజమే, పొద్దున్నే ఇంటికొచ్చి పడుకునే మనిషి ఇంగ్లీషు క్లాసుకి ఎప్పుడు వెళ్తాడు?

ఆరో నెలలో, వాళ్లని ఇక్కడికి తెచ్చిన విమాన టికెట్ల అప్పు తాలూకు బిల్లు వచ్చింది. వడ్డీ లేదు కానీ అప్పు అప్పే. వసూలు చేసేది కూడా ఏజెన్సీయే, అందులో నాలుగో వంతు దానికే. ఈ ఏర్పాటు తెలిసినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం మొదటి వాయిదా ఆ రోజే కట్టేశాడు.

గడువు ముగిసిన వారం కేస్‌వర్కర్ వచ్చి ఇద్దరి జీతాల చీటీలు, అద్దె రసీదు చూసి ఫైల్ మూసింది. ఆమె వెళ్లాక టీ ఇస్తూ ఆయన అడిగాడు, "దీదీ, మీరు ఏం ఉద్యోగం చేస్తారు?" అని. ఇన్నాళ్లూ అడగలేదు. నాకు పని చేసే పర్మిట్ లేదని చెప్పాను. నమ్మలేదు. శరణార్థికి దిగగానే ఆ హక్కు వస్తుంది, కారున్న దీదీకి లేకపోవడమేంటి? లోపలికి వెళ్లి ఆ తెల్ల సంచి తెచ్చి, తన కార్డు తీసి నాకు చూపించాడు.

"ఇది కదా? బుధవారం నాతో రండి. మా కేస్‌వర్కర్‌కి చెప్తాను, మీకూ తెప్పిస్తుంది."