వెనక చక్రాలకు చైన్లు వేశాను – నా అనుభవం

నిన్న సాయంత్రమే కారు ఇంటికి తెచ్చుకున్నాను. వేళ్ళ కొసలు ఇంకా మండుతున్నాయి. ఎడమచేతి బొటనవేలి గోరు నల్లబడింది. మంచులో కారు జారకుండా చక్రాలకి చుట్టే చైన్లతో నేను పడ్డ పాట్లు వచ్చే చలికాలానికి నాలాంటి ఇంకో పెద్దమనిషికి పనికొస్తాయని రాస్తున్నాను. కోపం చల్లారకముందే రాయాలని కూడా ఉంది, అదీ దాచను.

మేముండేది సియాటిల్‌కి తూర్పున, సమామిష్ గుట్ట మీద. మనవాళ్ళు చాలామందే ఉన్న ఊరు. ఇక్కడ చలికాలమంటే వాన, మబ్బు, మళ్ళీ వాన. ఏడాది మొత్తానికి సగటున పడే మంచు ఐదారు అంగుళాలు. అది కూడా ఒకటి రెండు రోజుల్లో కరిగిపోతుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. పదకొండేళ్ళుగా ఈ రోడ్ల మీద నడుపుతున్నాను, ఒక్క టికెట్ లేదు, ఒక్క గీత పడలేదు. ఈ మాట నేను చాలామంది దగ్గర అని ఉంటాను. మొన్న మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా అన్నాను.

ఆ రోజు పొద్దున వాన. మధ్యాహ్నానికి పిల్లల స్కూలు నుంచి మెసేజ్ వచ్చింది, ముందుగానే వదిలేస్తున్నాం అని. వాళ్ళకున్న తెలివి మా ఆఫీసుకి లేదు. మా మేనేజర్ "వాతావరణం చూసుకుని మీ ఇష్టం" అన్నాడు. మీ ఇష్టం అంటే ఏమిటో ఉద్యోగం చేసేవాళ్ళకి తెలుసు. మూడింటికి మీటింగ్ ఉంది, కూర్చో అని. కూర్చున్నాను. నాలుగింటికి బయటపడేసరికి బెల్‌వ్యూలో వానలో కలిసి చిన్న చిన్న తెల్లటి పలుకులు పడుతున్నాయి, అంతే. రెడ్‌మండ్ దాటాక రోడ్డు తెల్లబడింది. గంటన్నర పట్టింది, మామూలుగా అరగంట దారి.

మా ఊరు చేరాలంటే సరస్సు ఒడ్డు నుంచి గుట్ట ఎక్కాలి. సరస్సు పక్కన వాన పడుతుంటే నాలుగైదు వందల అడుగుల పైన మంచు పడుతుంటుంది, ఇది ఇక్కడ మామూలే. కింద చూసి పైన కూడా ఇంతేననుకోవడం మొదటి పొరపాటు. ఇంగిల్‌వుడ్ హిల్ రోడ్డు దగ్గరని అటు తిరగడం రెండోది. ఏటవాలు తక్కువున్న దారులున్నాయి, చుట్టు తిరిగి వెళ్ళాలి. పావుగంట కలిసొస్తుందని ఆశపడ్డాను.

నా ముందు ఒక చిన్న కారు. అది సగం ఎక్కి ఆగిపోయింది. నేనూ ఆగాను. అక్కడే పోయింది అంతా. ఎత్తు మీద, మంచులో, ఆగిన బండి మళ్ళీ కదలదు. ముందువాడు పూర్తిగా పైకి చేరాకే కింద నుంచి బయల్దేరాలి, నెమ్మదిగా, ఆగకుండా, ఒకే ఊపులో. ఈ ముక్క నాకు ఎవరైనా ముందు చెప్పి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. యాక్సిలరేటర్ నొక్కాను, చక్రాలు తిరిగాయి, కారు మాత్రం వెనక్కి జారింది. బ్రేకు నొక్కితే కాలి కింద గరగరమని చప్పుడు, కారు ఆగదు. చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకుని వదిలి పట్టే ఏబీఎస్ తన పని తాను చేస్తోంది పాపం, నేల దొరికితే కదా. స్టీరింగ్ తిప్పి వెనక చక్రం అంచు రాతికి తగిలించాను, ఆగింది. అది తెలివి కాదు, అదృష్టం.

అప్పుడు గుర్తొచ్చింది, డిక్కీలో చైన్లున్నాయని.

మూడేళ్ళ క్రితం స్నోక్వాల్మీ పాస్ మీదుగా వెళ్దామని కొన్నాను. ఆ కనుమ దాదాపు 3,000 అడుగుల ఎత్తు, చలికాలంలో అక్కడ చైన్లు తప్పనిసరి అని బోర్డు పెట్టాక లేకుండా వెళ్తే 500 డాలర్ల దాకా జరిమానా. ఆ రోజు బోర్డు పెట్టలేదు. సంచీ జిప్పు కూడా తీయలేదు. అమ్మినవాడు "చాలా సులువు సార్, పది నిమిషాలు" అన్నాడు. ఇంట్లో ఒకసారి వేసి చూసుకోండి అని మాత్రం అనలేదు. వాడి మీద నాకున్న కోపం ఈ జన్మకి పోదు. ఇక్కడ కొన్ని టైర్ల షాపుల్లో వాడని చైన్లు చలికాలం అయ్యాక వాపసు తీసుకుంటారు. జనం అందుకే సంచీ విప్పరేమో, విప్పితే వాపసు పోతుందని. మీరు మాత్రం విప్పండి. డబ్బులు పోతే పోనీయండి.

సాయంత్రం ఐదున్నర. చీకటి. ఆఫీసు బూట్లు, పల్చటి జాకెట్, గ్లవ్స్ లేవు. ఫోన్ లైటు పళ్ళతో పట్టుకుని మంచులో పడుకున్నాను. చైను అంటే మొత్తం గొలుసు కాదు, మధ్యమధ్యలో చుట్టలున్న ఇనుప తీగల వల. దాన్ని చక్రం వెనక నుంచి లాగి, లోపలి కొక్కెం ముందు తగిలించాలి. ఆ కొక్కెం కంటికి కనబడదు, చేత్తో తడుముకోవాలి. తర్వాత బయటిది, ఆ తర్వాత రబ్బరు పట్టీతో బిగించాలి. కొంచెం దూరం నడిపి మళ్ళీ దిగి బిగించాలి. ఇంత చదువు చదివి, ఒక కొక్కెం దాని కన్నంలో పెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. గోరు అప్పుడే నలిగింది. నలభై అయిదు నిమిషాలకి రెండు చక్రాలకీ వేశాను. లేచి నిలబడి చూసుకుంటే గర్వంగా కూడా అనిపించింది. ఫోటో తీసి మా ఆవిడకి పంపాను. ఆ ఫోటో ఇప్పుడు మా చుట్టాల గ్రూపులన్నిటిలో తిరుగుతోంది.

ఎక్కి స్టార్ట్ చేశాను. ముందు చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి. వెనక చక్రాలు చైన్లు కట్టుకుని పీటల మీద పెళ్ళికొడుకుల్లా కదలకుండా కూర్చున్నాయి. ఇంకా గట్టిగా నొక్కాను. కాలిన రబ్బరు వాసన వచ్చింది.

ఒక పెద్దావిడ కుక్కని తిప్పుతూ వచ్చి కిటికీ దగ్గర ఆగింది. డెబ్బై ఏళ్ళు పైనే ఉంటాయి. టార్చి వేసి వెనక చక్రాలు చూసింది, ముందు చక్రాలు చూసింది. "బాబూ, నీ కారుని లాగేది ఏ చక్రాలు?" అంది. ఇంగ్లిష్‌లో బాబూ అనలేదనుకోండి, ఆ గొంతులో నాకు అలాగే వినిపించింది.

నాది 2014 కామ్రీ. లాగేది ముందు చక్రాలు. చైన్లు వేయాల్సింది వాటికే. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఎవరైనా అడిగితే బొమ్మ గీసి చెప్పగలను. మరి ఎందుకు వేశావయ్యా అంటే, పదిహేనేళ్ళ వయసులో, పశ్చిమ గోదావరిలో ఉండి అనే ఊరి దగ్గర, మా చేను గట్టున నేర్చుకున్న బుద్ధి. నాన్నది ట్రాక్టరు. ఊళ్ళో తెలిసిన లారీ, తెలిసిన అంబాసిడర్, తెలిసిన జీపు, అన్నీ వెనక చక్రాలతో నడిచేవే. బండి దిగబడిందంటే అందరూ వెనక్కే పరిగెత్తేవాళ్ళు. చీకట్లో, చలిలో, భయంలో మనిషికి పనికొచ్చేది చదువు కాదు, అలవాటు. నా చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి.

సరిగ్గా అప్పుడే నాన్న వీడియో కాల్. అక్కడ పొద్దున్న ఎనిమిది కావస్తోంది, కాఫీ వేళ. ఎత్తకపోతే కంగారు పడతారని ఎత్తాను.

"ఏరా అబ్బాయ్, ఎక్కడ? అంతా తెల్లగా ఉందేంటి?"

"మంచులో ఇరుక్కున్నాను నాన్నా."

"ఊరికే రేజ్ చెయ్యకు, ఇంకా దిగబడిపోద్ది. చక్రాల కింద గోనెసంచులు వెయ్యి."

సమామిష్‌లో గోనెసంచులు. నవ్వొచ్చింది, కానీ డిక్కీలో ఖాళీ సోనామసూరి సంచులు రెండున్నాయి. వేశాను. కారులో కాళ్ళ కింద పరిచే పట్టాలు కూడా వేశాను. చక్రం పట్టుకుంది, ఒక గజం ముందుకు కదిలింది, తర్వాత పట్టా వెనక నుంచి బాణంలా ఎగిరి చీకట్లోకి పోయింది. వెనక ఎవరైనా నిలబడి ఉంటే కాళ్ళు విరిగేవి. ఇలా చేసేవాళ్ళు మనుషుల్ని పక్కకి నిలబెట్టండి. చక్రాలు ఊరికే తిరిగితే ఇంజను జోరు తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్‌ని బటన్ నొక్కి ఆపితే ఇలా కదిలించేటప్పుడు కొంచెం నయం, అది నాకు మర్నాడు తెలిసింది.

చైన్లు విప్పి ముందుకి మారుద్దామనుకున్నాను. కుడివైపుది వచ్చింది. ఎడమవైపు కొక్కెం మంచు పట్టి బిగుసుకుపోయింది. చేతులు నా మాట వినడం మానేశాయి. ఆ పెద్దావిడ తన గ్లవ్స్ తీసిచ్చి, "కారు ఇక్కడ వదిలెయ్, నడిచి వెళ్ళిపో, ఈ రోజుల్లో అందరూ అదే చేస్తారు" అంది. ఈలోగా నల్లటి పెద్ద బండి ఒకటి, ఆల్ వీల్ డ్రైవ్, హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటి ఎక్కింది. నేను నడిచి పైకి వెళ్ళేసరికి అది మలుపులో ముక్కు కిందకి పెట్టి కాలువలో ఉంది. నాలుగు చక్రాలు లాగితే కదలడం తేలిక, ఆగడం కాదు. సంతోషించకూడదు, సంతోషించాను.

రెండున్నర మైళ్ళు నడిచాను. ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర.

రాత్రి మినియాపోలిస్ నుంచి మా బావమరిది ఫోన్. "నాలుగంగుళాలకే ఊరు మూసేశారా బావా?" అని ఒకటే నవ్వు. ఇలాంటివాళ్ళు ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు కాబట్టి జవాబు ఇక్కడే రాస్తాను. మీ ఊరు బల్లపరుపు, మాది గుట్టలు. మీ దగ్గర సున్నాకి బాగా కింద ఉంటుంది కాబట్టి మంచు పొడిగా ఇసుకలా ఉంటుంది. మా దగ్గర సరిగ్గా గడ్డకట్టే చోట ఊగిసలాడుతుంది. కెనడా వైపు ఫ్రేజర్ లోయలోంచి చలిగాలి దిగినప్పుడే సముద్రం తడి వచ్చి కలిస్తే మంచు. పగలు కాస్త కరుగుతుంది, రాత్రి ఆ నీళ్ళే గాజు పలకలా గడ్డకడతాయి. దాని మీద మీ బల్లపరుపు శూరులు కూడా నిలబడలేరు. 2008 డిసెంబర్‌లో సియాటిల్‌లోనే క్యాపిటల్ హిల్ అనే గుట్ట మీద రెండు బస్సులు జారి, అడ్డుగోడ బద్దలుకొట్టుకుని వెళ్తే, ఐ-5 హైవే పైన బస్సు ముందు భాగం గాల్లో వేలాడింది. 2019 ఫిబ్రవరిలో ఒక్క నెలలో ఎయిర్‌పోర్టు దగ్గర 20 అంగుళాలు పడింది. 2022 డిసెంబర్‌లో వానే పడుతూ పడుతూ నేల మీద గడ్డకట్టి సిటీ మొత్తం స్కేటింగ్ రింకు అయింది. ఇదంతా చెప్పాను. వాడు "మరి చైన్లు వెనకెందుకు వేశావు బావా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పొద్దున్న నడిచి వెళ్తే కారు లేదు. మంచు తీసే బండికి అడ్డమని టో చేసేశారు. అద్దం మీద పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టి ఉండాల్సింది, పెట్టలేదు. పోలీసుల అత్యవసరం కాని నంబరుకి చేస్తే టో చేసిన కార్లు ఉంచే ఏ యార్డులో ఉందో ఐదు నిమిషాల్లో చెప్పారు. వాళ్ళ వల్ల ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది యార్డులో. కారు రిజిస్ట్రేషన్ మా ఆవిడ పేరున ఉంది. నా లైసెన్స్ చూపిస్తే కిటికీ వెనక మనిషి తల అడ్డంగా ఊపాడు. పెళ్ళయినట్టు కాగితం చూపిస్తానన్నాను. అవసరం లేదు, ఆవిడ రావాలి అన్నాడు. స్కూళ్ళు మూత, పిల్లాడిని వదిలి ఎలా వస్తుంది? రోజుకింత అని అద్దె పెరుగుతూనే ఉంటుంది, ఆఫీసు వేళ దాటితే ఇంకో రుసుము. గురువారం ముగ్గురం ఒక స్నేహితుడి కారులో వెళ్ళాం. 400 డాలర్లు పైనే అయింది. పది రోజుల్లోపు విచారణ కోరే హక్కు ఉందని ఒక కాగితం ఇచ్చారు. కోరదామన్నాను. "కోరి ఏం చెప్తావ్, చైన్ల సంగతా?" అంది మా ఆవిడ. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ మనిషి తాళాలిస్తూ, "వెనక చక్రానికి ఒక చైను ఉంది, మావాళ్ళు కత్తిరించి తీశారు. అక్కడెందుకు వేశారు?" అని అడిగాడు. మా వాడు, ఆరేళ్ళు, నాకంటే ముందే చెప్పాడు, "ట్రాక్టర్‌కి అక్కడే వేస్తారు" అని. ఆ కిటికీ వెనక నవ్వు నేను బయటికొచ్చేదాకా వినిపించింది.

ఇవాళ మంచుకి పనికొచ్చే కొత్త టైర్లకి ఆర్డరిచ్చాను, టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తున్నవి. మామూలు టైర్ల రబ్బరు చలికి బిగుసుకుపోతుంది, ఇవి మెత్తగా ఉంటాయట. కొత్త చైన్లు కూడా కొన్నాను. గరాజులో ఆరిన నేల మీద కూర్చుని నాలుగుసార్లు వేసి తీశాను. ముందు చక్రాలకే. చివరిసారి పన్నెండు నిమిషాలు. మా ఆవిడ టైము చూసింది, కావాలంటే అడగండి.

పొద్దున నాన్న మళ్ళీ వీడియో కాల్ చేశారు. పక్కన ఇంకో నలుగురు పెద్దమనుషులున్నారు, అరుగు మీద. "మా వాళ్ళకి మంచు చూపించరా" అన్నారు. బయటికి తీసుకెళ్ళాను. వాన పడుతోంది. పచ్చిక పచ్చగా ఉంది. పిల్లాడు చేసిన మంచు బొమ్మ చోట ఒక క్యారెట్టు, గిన్నెడు మురికి ముద్ద మిగిలాయి. ఫోను దాని మీదకి వంచాను.

"ఇదేనా?" అన్నారు అరుగు మీద ఎవరో.