ఆ రాత్రి లెక్క వేయకుండా ఉండాల్సింది

ఒకసారి ఆఫీసులో మా టీమ్ మొత్తం చేసిన ఒక తప్పుని, అప్పటికే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన ఒకతని మీదకి నెట్టేస్తూ రిపోర్టు రాయమన్నారు. అతనికి ఇప్పుడు పోయేదేముంది, ఇక్కడున్న నలుగురూ బయటపడతారు కదా అన్నారు. నేను రాయలేదు. కానీ వెంటనే కాదని కూడా అనలేదు, రాత్రంతా ఎవరికెంత నష్టమో బేరీజు వేసుకుంటూ కూర్చున్నాను. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది అదే.

సద్గుణం అంటే అతికీ కొరతకీ నడుమ ఉండే దారి అని అరిస్టాటిల్ చెప్పాడని చాలామందికి తెలుసు. పిరికితనానికీ తెగింపుకీ మధ్యన ధైర్యం, అలాగన్నమాట. అదే చోట ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, దాన్ని ఎందుకో ఎక్కువమంది వదిలేస్తారు: దొంగతనం, హత్య, వ్యభిచారం లాంటివాటికి నడిమి దారి ఉండదు, వాటి పేర్లలోనే చెడు ఉంది. అంటే గుణం ముఖ్యం అన్నవాడే కొన్ని పనుల దగ్గర గీత గీసేశాడు.

1956లో, జపాన్ మీద అణుబాంబులు వేయించిన అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కి ఆక్స్‌ఫర్డ్ గౌరవ డిగ్రీ ఇస్తామన్నప్పుడు తత్వవేత్త ఎలిజబెత్ ఆన్‌స్కోమ్ అడ్డుచెప్పింది కూడా ఈ గీత మీద నిలబడే. యుద్ధం త్వరగా ముగించడం కోసమైనా సరే, హిరోషిమా, నాగసాకిల్లో అమాయకుల్ని కావాలని చంపడం హత్యే అంది. 1958లో రాసిన వ్యాసంలో ఇంకా ముందుకెళ్ళింది. నిరపరాధికి మరణశిక్ష వేయించడం ఒక్కోసారి సరైనదే కావచ్చేమో అని ముందే తలుపు తెరిచి ఉంచుకునేవాడితో తాను వాదించనంది, వాడి బుద్ధే చెడిపోయిందంది. మొదటిసారి చదివినప్పుడు మరీ కటువుగా అనిపించింది. ఆ రాత్రి తర్వాత అలా అనిపించలేదు.

మరి మనస్సాక్షి ఉంది కదా అంటారు. అది ఎంత నీచమైన పనైనా చేయమని చెప్పగలదని ఆవిడే గుర్తుచేసింది. నా మనస్సాక్షి ఆ రాత్రి నన్ను ఏమీ గట్టిగా అడ్డుకోలేదు, "అతనికేం కాదులే" అని సర్దిచెప్తూనే ఉంది. నన్ను ఆపింది చిన్నప్పటి నుంచీ ఒంటబట్టిన ఒక్క మాట, లేని మనిషి మీద అబద్ధం చెప్పకూడదని. ప్రాణం కాపాడటానికి అబద్ధం ఆడాల్సివస్తే నేను ఆడతాను, అప్పుడు కూడా అబద్ధం ఆడకూడదన్న జర్మన్ తత్వవేత్త కాంట్‌తో నేను ఏకీభవించను. కానీ ఇది అది కాదు. మనస్సాక్షి నిద్రపోయినప్పుడు కూడా మెలకువగా ఉండేది ఏదో ఒకటి మనిషిలో ఉండాలి, అది నిషేధం రూపంలోనే ఉంటుందని ఇప్పుడు నమ్ముతున్నాను.

అతనికి ఇదేమీ తెలియదు. ఈ మధ్యే ఫోన్ చేసి ఆప్యాయంగా మాట్లాడాడు. ఆ రిపోర్టు సంగతి నా నోటి దాకా వచ్చింది, కానీ చెప్పలేకపోయాను.